తెగిపడిన తీగ యెవరిది?

తొలకరి పొలములకు పండుగ. వీధులలో మాత్రము అది భయమును వెంటబెట్టుకొని వచ్చును. ఒరిగిన స్తంభము, కంచెలేని ట్రాన్స్‌ఫార్మరు, చేతికందునంత క్రిందికి జారిన తీగ, వీనిని చూడనివారు మన పట్టణములలో నుండరు. ఒకనాటి రాత్రి తీగ తెగును. తెల్లవారకముందే మోటారు వేయబోయిన రైతో, దారిని పోవు కూలియో నేలకొఱగును. అంతట అధికారుల నోట మూడు మాటలు వెలువడును: గాలి వీచినది, ఎవడో కొక్కెము తగిలించినాడు, చచ్చినవాడు చూచుకొని నడువలేదు. ఈ మాటలు విని కన్నీటితో ఇల్లు చేరువారికి చట్టము వేఱొక మాట చెప్పుచున్నదని తెలియదు.

1997వ సంవత్సరము ఆగస్టు 23వ తేది రాత్రి యొక కార్మికుడు ఫ్యాక్టరీ నుండి సైకిలుమీద ఇంటికి మరలుచుండెను. వాన కురిసి వీధిలో నీరు నిలిచియుండెను. ఆ నీటిలో తెగిపడిన విద్యుత్తీగ అతని ప్రాణము గొనెను. ఎవడో దొంగతనముగా తీగ లాగుకొనుటచే నట్లైనది గాని మా తప్పేమియు లేదని విద్యుద్బోర్డు వాదించెను. 2002వ సంవత్సరము జనవరిలో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. ప్రాణాపాయకరమైన వ్యాపారమును నడపువారు, జాగ్రత్త లన్నియు తీసికొన్నను, దానివలన నొరులకు గలిగిన హానికి పరిహార మీయవలసినదే యని తీర్పు చెప్పినది. ఉపేక్షను రుజువు చేయు భారము విధవరాలి నెత్తిన లేదు.

ఇది క్రొత్త ధర్మము కాదు. తన జలాశయములోని నీరు పొరుగువాని గనిలోనికి పారినపుడు యజమానుడే నష్టము భరింపవలెనని ఇంగ్లాండులోని ప్రభువుల సభ 1868లోనే నిర్ణయించినది. కట్ట కట్టినవానిదే గండి బాధ్యత యన్నమాట. నీటికే యింత కట్టుబాటున్నపుడు, కంటికి గానరాని విద్యుత్తున కెంత యుండవలయును!

2003 నాటి విద్యుచ్ఛట్టము 53వ సెక్షను ప్రజారక్షణకు నిబంధనలు చేయుమన్నది. వీధి నడ్డముగా దాటు అల్పవోల్టేజి తీగ నేలకు 5.8 మీటర్ల ఎత్తున నుండవలెనని 2010 నాటి నిబంధనలు విధించినవి. ప్రాణహాని జరిగిన యెడల ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరునకు తెలుపవలసినదని 161వ సెక్షను శాసించుచున్నది. శాసనమునకు కొదువ లేదు. కొదువ యంతయు ఆచరణలోనే. 2018 మొదలు 2021 వఱకు దేశమున ప్రతి సంవత్సరమును 12,000 మందికి పైగా విద్యుద్ఘాతమునకు బలియైరి. అందఱిని చంపినది సంస్థల తీగలే యని మే మనము. కాని తీగ సంస్థదైన ప్రతి చావునకును సంస్థ జవాబు చెప్పితీరవలయును.

పరిహారము ప్రజాధనమే గదా, రేపు ఛార్జీలు పెరుగవా యని కొందఱు ప్రశ్నింతురు. వారి లెక్క తలక్రిందులైనది. మనుష్యుని ప్రాణము చవుకైనంతకాలము తుప్పుపట్టిన తీగను మార్చుట ఖరీదుగనే తోచును. చావునకు వెల కట్టవలసివచ్చిననాడు స్తంభము తనంతట నిటారుగా నిలుచును. సంస్థ ప్రభుత్వముదే యనుట సమాధానము గానేరదు. పరాయి ప్రభుత్వమును నిలదీసి అడిగిన ప్రజలు తమ ప్రభుత్వమును అడుగుటకు జంకిరేని స్వరాజ్యమున కర్థమేమి?

ఎక్స్‌గ్రేషియా యను పేర నాలుగు రూకలు చేతబెట్టి ఛాయాచిత్రము తీయించుకొనుట దయ యనిపించుకొనదు. అది ఋణము, అందును కొంతభాగమే. కుటుంబము కోర్టు మెట్లెక్కకముందే సంస్థలు ఆ ఋణమును తీర్పవలెనని మేము కోరుచున్నాము.

చదువరులకును ఒక మాట. మీ వీధిలో తీగ జాఱినదా? నోటితో చెప్పి యూరకుండకుడు. తేదీవేసి వ్రాసి యిండు, రసీదు పుచ్చుకొనుడు, ప్రతి యొకటి ఇన్‌స్పెక్టరునకు పంపుడు. మాకు తెలియదని సంస్థ రేపు బొంకకుండ ఆ కాగితమే అడ్డుపడును. అంతకు మించి, ఆ కాగితమును చూచి తీగను నేడే బిగించిరేని, కోర్టు మెట్లెక్కవలసిన కుటుంబమే యుండదు.