‘మనోడు’ అంటే ఎవరు?

పదో తరగతి దాకా మనకు రూమ్మేటును ఎంచుకునే పని లేదు. ఒక పెద్ద హాలు, గోడ వెంబడి ట్రంకు పెట్టెలు, పెట్టె పక్కన చాప, చాప మీద మనం. ఎడమ పక్కన ఎవరు, కుడి పక్కన ఎవరు అన్నది ఖాళీగా ఉన్న జాగాను బట్టి ఉండేది. నలభై మందికి ఒకే నల్లా, ఒకే గంట. చీకట్లో గురక వినబడితే అది ఎవరిదో చెప్పగలిగేవాళ్ళం. అట్లాంటి హాల్లో పెరిగిన మనమే డిగ్రీకో పీజీకో పెద్ద హాస్టల్‌కు వెళ్ళగానే మొట్టమొదట అడిగే మాట: “మనోడు ఎవడన్నా ఉన్నడా?”

మిత్రులారా, ఈ వార్షికోత్సవ సంచికలో మేము రాయదలచుకున్నది ఆ ఒక్క మాట గురించే. మా ఇండ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేము. కాలేజీ ఎట్లా చూసుకోవాలి, హాస్టల్ ఏది మంచిది, పక్క మంచం మీద ఎవరుంటే మేలు అని చెప్పడానికి మా అమ్మానాన్నలకు ఆ అనుభవం లేదు. “పైలం బిడ్డా, మనోళ్ళతోనే ఉండు” అని బస్సెక్కించారు. వాళ్ళు చెప్పింది ప్రేమతోనే. కానీ ఈ ఏడాది ఇక్కడి నుంచి వెళ్ళే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ మాట సరిపోదని మా అభిప్రాయం. ఎందుకు సరిపోదో చెప్పడం అన్నలుగా, అక్కలుగా మా బాధ్యత అనుకుంటున్నాం.

అడ్మిషన్ల రోజుల్లో పెద్ద హాస్టళ్ళకు వెళ్ళి చూడండి. గదుల జాబితా నోటీసు బోర్డు మీద అతికించక ముందే చాలా గదులు నిండిపోతాయి. మొదట జిల్లా అడుగుతారు. తర్వాత మండలం. ఆ తర్వాత గొంతు తగ్గించి “ఇంటిపేరేంది?” అంటారు. మన విషయంలో ఇంటిపేరు దాకా పోవాల్సిన పని కూడా లేదు. “ఏ హాస్టల్‌ల చదివినవ్?” అంటే చాలు, ఆ జవాబులోనే వాళ్ళకు కావలసినదంతా దొరుకుతుంది. అందుకే మనవాళ్ళు కొందరు ‘సోషల్ వెల్ఫేర్’ అనే రెండు మాటలు మింగేసి ఊరి పేరు మాత్రం చెబుతారు.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. జిల్లాల నుంచి చదువుకు వచ్చిన పిల్లలకు నగరంలో తలదాచుకునే చోటు దొరకని రోజులవి. మన నడిగడ్డ బిడ్డ, ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా పనిచేశారు. తర్వాత మరికొన్ని కులాల పెద్దలు కూడా తమ పిల్లల కోసం హాస్టళ్ళు కట్టించారు. వాటి నీడన ఎందరో చదువుకుని పైకి వచ్చారు, ఆ మేలును ఎవరూ కాదనలేరు. కానీ హాస్టల్ కట్టించే స్థోమత లేని కులాల పిల్లల సంగతి ఏమిటి? సర్కారు సంక్షేమ హాస్టళ్ళు వచ్చిన తర్వాతనే వాళ్ళలో ఎక్కువ మందికి పుస్తకం, పళ్ళెం రెండూ ఒకే చోట దొరికాయి. మన హాస్టల్ ఆ వరుసలోనిదే. అయితే మన గేటు మీద కూడా కులం పేరో వర్గం పేరో ఉంది. కూడు, గూడు కులం పేరుతో దొరికాయి గానీ, పక్క కులం వాడితో ఒక గదిలో బతికే అలవాటు మనకూ దొరకలేదు, వాళ్ళకూ దొరకలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. “మనోళ్ళతో ఉంటే తప్పేంది? బయటోళ్ళ గదిలకు పోయి మాటలు పడాల్నా?” అని. ఇది న్యాయమైన ప్రశ్నే. మనవాళ్ళు ఒక్కచోట చేరడంలో భయం ఉంది, ఆ భయానికి కారణమూ ఉంది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి సస్పెండైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని పడుకున్నారు. ఆ గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల అదే నెల 17న ప్రాణం తీసుకున్నాడు. హాస్టల్ గది అంటే నాలుగు గోడలు, రెండు మంచాలేనని ఆ తర్వాత ఎవరూ అనలేరు. అవమానం జరిగే చోట మనవాళ్ళు ఒకరికొకరు తోడుగా ఉండటాన్ని మేము తప్పు పట్టం. కలిసి ఉండే భారమంతా అవమానం పడేవాడి నెత్తిన పెట్టడం అన్యాయం. తలుపు ముందుగా తీయాల్సింది లోపల గడియ పెట్టుకున్నవాడే.

కానీ మనం కూడా కొన్ని చోట్ల గడియ పెట్టుకునే ఉన్నాం. అది చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మాల గది, మాదిగ గది అని మనలో మనం వేరు పడటం లేదా? వర్గీకరణ గురించి ఎవరి వాదం వారికి ఉండవచ్చు, దానికి సభలున్నాయి, చట్టసభలున్నాయి. పప్పు గిన్నె దగ్గర, బకెట్ దగ్గర ఆ వాదం ఎందుకు? అమ్రాబాద్ వైపు పెంటల నుంచి వచ్చిన చెంచు పిల్లవాడు మాట్లాడితే నవ్వేది ఎవరు? తండా నుంచి వచ్చిన పిల్ల అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెక్కిరించేది ఎవరు? రాయచూరు సరిహద్దు ఊర్ల కన్నడం కలిసిన తెలుగును, పాతబస్తీ నుంచి వచ్చిన మిత్రుడి ఉర్దూ కలిసిన తెలుగును ఆటపట్టించేది ఎవరు? ఇతరులు మనల్ని అడిగితే నొచ్చుకునే ప్రశ్నలనే మనం ఇంకొకరిని అడుగుతున్నాం.

అంబేద్కర్ జీవితంలో రెండు సంఘటనలు ప్రతి హాస్టల్ విద్యార్థి తెలుసుకోవాలి. ఆయన 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చదువుకు వెళ్ళారు. మొదట ఒక హాస్టల్‌లో కొద్ది రోజులున్నారు, అది కుదరక మారారు. చివరికి లివింగ్‌స్టన్ హాల్ అనే హాస్టల్‌లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. చదువు మధ్యలో ఆగిపోయి, దాన్ని పూర్తి చేయడానికి 1920లో అంబేద్కర్ మళ్ళీ లండన్ బయలుదేరినప్పుడు డబ్బు అప్పుగా ఇచ్చి ఆదుకున్నవారిలో ఆ భతేనా ఒకరు. ఇది మొదటి సంఘటన.

రెండోది 1917లో. అంత చదువు చదివి బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ఆయనకు ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో వేరే పేరుతో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న పార్సీలు గుంపుగా వచ్చి ఆయన్ని వెళ్ళగొట్టారు. తోడుగా నిలిచిన రూమ్మేటూ పార్సీయే, కర్ర పట్టుకు వచ్చినవాళ్ళూ పార్సీలే. మతం పేరు వినీ, కులం పేరు వినీ మనిషిని తూచలేమని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? బరోడాలో అంత జరిగాక కూడా ఆయన భతేనా స్నేహాన్ని వదులుకోలేదు. మనం నేర్చుకోవలసింది అక్కడుంది.

ఇక చదువు సంగతికి వద్దాం. ఒకే ఊరి నుంచి, ఒకే రకం ఇండ్ల నుంచి వచ్చిన నలుగురు ఒకే గదిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ నలుగురికీ తెలిసింది ఒకటే, తెలియనిదీ ఒకటే. బ్యాక్‌లాగ్ ఉంటే ఏం చేయాలో, సీపీగెట్ దరఖాస్తు ఎప్పుడు వస్తుందో, నెట్, సెట్ అంటే ఏమిటో, లైబ్రరీలో ఏ అలమారాలో ఏ పుస్తకాలుంటాయో వాళ్ళలో ఒక్కరికీ తెలియకపోతే గడువు నలుగురికీ ఒక్కసారే దాటిపోతుంది. చదువుకున్న ఇంటి పిల్లలకు ఈ సంగతులు అన్నం తింటూ తెలుస్తాయి. మనకు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, పక్క మంచం మీది మనిషే చెప్పాలి. అందుకని మనకు తెలియనిది తెలిసినవాళ్ళు, మనది కాని పాఠ్యాంశం చదివేవాళ్ళు, మన ఊరు కానివాళ్ళు గదిలో ఒక్కరన్నా ఉండాలి. మనం కూడా వాళ్ళకు ఉత్త చేతులతో పోవడం లేదు. సర్దుకోవడం, పంచుకు తినడం, ఉన్న దాంతో నెల గడపడం మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని పెద్దల మాట. వారు వీరు కావాలంటే ముందు వారు వేరుగా ఉండాలి కదా!

ఇప్పుడు వెళ్ళబోయేవారికి పనికివచ్చే మాటలు కొన్ని.

బీచుపల్లి నుంచి బస్సెక్కితే దారులు రెండు. వంతెన దాటి పైకి పోతే వనపర్తి, మహబూబ్‌నగర్, హైదరాబాదు. కిందికి పోతే కర్నూలు. అది 2014 జూన్ 2 నుంచి వేరే రాష్ట్రం. గద్వాలలోనే ఎం.ఎ.ఎల్.డి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం మహబూబ్‌నగర్‌లో ఉంది. ఎటు పోయినా సరే, ‘దోస్త్’లో కాలేజీల ఆప్షన్లు పెట్టే ముందే హాస్టల్ సంగతి తెలుసుకోండి. చాలామంది కాలేజీ పేరు చూసి ఆప్షన్ పెట్టి, సీటు వచ్చాక హాస్టల్ వెతుకుతారు. అప్పటికి సంక్షేమ హాస్టల్‌లో సీట్లు నిండి, ప్రైవేటు హాస్టల్ ఫీజు నాన్న నెత్తిన పడుతుంది. సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్ళలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీలను 2024లో నెలకు 1,500 రూపాయల నుంచి 2,100కు పెంచారు. ఆ హక్కును వదులుకోకండి.

వీలైతే ఒకరోజు ముందుగా వెళ్ళి హాస్టల్ చూడండి. గదికన్నా ముందు బాత్రూములు చూడండి, నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయో అడగండి, రాత్రి చదువుకునే చోటు ఉందో లేదో చూడండి. చెల్లెళ్ళు కాలేజీ నుంచి హాస్టల్ దాకా సాయంత్రం పూట నడిచి చూసుకోవాలి. ఆ దారిలో లైట్లున్నాయా, రాత్రి వార్డెన్ అక్కడే ఉంటారా అన్నవి సిగ్గుపడకుండా అడగాల్సిన ప్రశ్నలు. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మొదటి సంవత్సరం వారికి వీలైనంతవరకు విడిగా బ్లాకు ఇవ్వాలి. ర్యాగింగ్ మన దగ్గర 1997 చట్టం నుంచే నేరం. ర్యాగింగ్‌పై ఫిర్యాదుకు జాతీయ సహాయ సంఖ్య 1800-180-5522. పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి.

గదిలో చేరిన మొదటి వారంలోనే నాలుగు సంగతులు నోరు తెరిచి మాట్లాడుకోండి. లైటు ఎప్పుడు ఆర్పాలి, ఫోను పాటలు ఎంత సౌండుతో, బయటివాళ్ళు వస్తే ఎన్ని రోజులు, గది ఊడ్చే వంతు ఎవరిది. తిండి, నమాజు, ప్రార్థన, పూజ ఎవరివి వారివి. నచ్చకపోతే తినవద్దు, తినేవాణ్ణి మాత్రం అనవద్దు. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా ఏటీఎం కార్డు, సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. “ఏ హాస్టల్?” అని ఎవరైనా అడిగితే పేరు పూర్తిగా చెప్పండి. మనం దొంగతనం చేసి రాలేదు, చదువుకుని వచ్చాం. మాట మీరి అవమానిస్తే కాగితం మీద రాసి వార్డెన్‌కు ఇవ్వండి, గది మార్చమని అడగండి. అది ఓటమి కాదు, అంబేద్కర్ కూడా హాస్టల్ మారినవారే.

సీనియర్లకు, వార్డెన్లకు ఒక విన్నపం. గదులను ‘మాట్లాడుకుని’ నింపే పద్ధతి ఆపండి. చీట్లు తీసి గదులు ఇవ్వండి. ఎవరికి ఎవరు వచ్చినా అది చీటీ రాత అవుతుంది. కలుపుకుపోలేదన్న నిష్ఠూరం ఎవరికీ ఉండదు. మన ఊరివాడు కావాలనుకునే కొత్త పిల్లలకు పక్క గదిలోనో అదే వరండాలోనో మనవాడు ఉంటే చాలు, ఆ ధైర్యానికి అదే గది అక్కరలేదు. నిజంగా ఇబ్బంది ఉన్నవారు అడిగితే మాత్రం మార్చాలి. ఇందుకు ఖర్చేమీ లేదు, జీవో అక్కరలేదు.

కృష్ణా పుష్కరాలు 2004లో, 2016లో వచ్చినప్పుడు మన బీచుపల్లి రేవులో వేలకు వేల మంది మునిగారు. పక్కన మునిగేవాడి ఇంటిపేరు అడిగి ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. ఆ మాత్రం మర్యాద పన్నెండేండ్లకు ఒకసారి నదికి ఇస్తున్నాం. రోజూ పడుకునే గదికి ఇవ్వలేమా?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వెళ్ళిరండి. జ్వరం వచ్చిన రాత్రి మాత్ర తెచ్చిచ్చినవాడు, దరఖాస్తు గడువు గుర్తుచేసినవాడు, ఇంటి నుంచి వచ్చిన సద్ద రొట్టె అడక్కుండా తీసుకుని తిన్నవాడు మనోడు. వాడు ఏ ఊరివాడైనా, ఏ ఇంటివాడైనా సరే. వచ్చే ఏడాది వార్షికోత్సవానికి మీరు వచ్చేటప్పుడు అట్లాంటి ఒక రూమ్మేటును కూడా వెంటబెట్టుకు రండి. మన హాలు, మన నల్లా, మన వంతెన చూపిద్దాం.