బొమ్మలు గీసేవాళ్లు రామంటే

ఫ్రాన్స్ నైరుతి మూల, షరాంత్ నది పక్కన గుట్ట మీద అంగులేమ్ అనే ఊరుంది. జనాభా నలభై వేలకు కాస్త అటూ ఇటూ. ఒకప్పుడు కాగితం మిల్లులకు పేరుమోసిన ఈ ఊరు 1974 నుంచి బొమ్మల కథల ఊరైంది. ఏటా జనవరి చివర జరిగే అంతర్జాతీయ కామిక్స్ ఉత్సవానికి రెండు లక్షల మంది దాకా వస్తారు. అక్కడ వీధి పేర్లు కూడా బొమ్మల్లో పాత్రలు మాట్లాడే బుడగల ఆకారంలో ఉన్న పలకల మీద ఉంటాయి. రైలు దిగగానే ఆస్టెరిక్స్ రచయిత గోసినీ స్మారక స్తంభం ఎదురవుతుంది.

2026 జనవరిలో ఆ ఉత్సవం జరగలేదు.

2021లో కోవిడ్ అడ్డుపడింది. ఈసారి అడ్డుపడింది బొమ్మలు గీసేవాళ్లే. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన ఉత్సవ నిర్వాహక సంస్థ ఉద్యోగిని ఒకరిని ఆ తర్వాత పనిలోంచి తీసేశారన్న కథనం 2025లో బయటికొచ్చింది. నిర్వహణ తీరు మీద అప్పటికే ఉన్న కోపానికి ఇది తోడైంది. ఆ ఏడాదే ఉత్సవ అత్యున్నత బహుమతి గ్రాండ్ ప్రి అందుకున్న అనూక్ రికార్ సహా వందల మంది రామని తేల్చి చెప్పారు. పెద్ద ప్రచురణ సంస్థలూ వెనక్కి తగ్గాయి. డిసెంబర్ మొదట్లో రద్దు ప్రకటన వచ్చింది.

ఈ కోపం లోతు తెలియాలంటే ఉత్సవంలో సంతకాల బల్ల దగ్గర కాసేపు నిలబడాలి. పాఠకుడు గంటల తరబడి వరసలో నిలబడి పుస్తకం చేతికిస్తాడు. చిత్రకారిణి మొదటి ఖాళీ పేజీ తెరిచి, అతని పేరడిగి, అతని కోసమే ఒక బొమ్మ గీస్తుంది. సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే పట్టుకుని అతను పక్కకు జరుగుతాడు. తర్వాతి మనిషి, మరో బొమ్మ. సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది. ఉత్సవానికి ప్రాణం ఈ బల్లే. అయినా ఏళ్ల తరబడి ఈ పనికి వాళ్లకు పైసా ముట్టలేదు.

2016లో వెలువడిన ఒక సర్వే ఫ్రెంచ్ కామిక్స్ లోకాన్ని కుదిపేసింది. వృత్తిలో ఉన్నవాళ్లలో 53 శాతం మంది సంపాదన కనీస వేతనం కన్నా తక్కువ, 36 శాతం మంది దారిద్ర్యరేఖకు దిగువన. ఆడవాళ్లలోనైతే సగం మంది ఆ రేఖ కిందే. అంతకుముందు ఏడాదే పింఛను చందాల పెంపు మీద రచయితలు అంగులేమ్ వీధుల్లో ఊరేగింపు తీశారు. బొమ్మల కథను ‘తొమ్మిదో కళ’ అని గౌరవించే దేశంలో పరిస్థితి ఇది.

గౌరవం పంచడంలోనూ వివక్షే. 2016 గ్రాండ్ ప్రికి 30 మంది పేర్లతో జాబితా విడుదల చేస్తే అందులో ఒక్క మహిళా లేదు. రియాద్ సత్తూఫ్, డేనియల్ క్లోవ్స్ వంటివాళ్లు తమ పేర్లు తీసేయమన్నారు. చివరికి జాబితానే పక్కనపెట్టి, నచ్చినవాళ్లకు ఓటు వేసే స్వేచ్ఛ రచయితలకిచ్చారు. ఫలితం చూడండి: 2019లో రుమికో తకహాషి, 2022లో జూలీ డూసే, 2024లో పోసీ సిమండ్స్, మరుసటేడు రికార్. అంతకుముందు నాలుగు దశాబ్దాల్లో ఈ గౌరవం దక్కిన మహిళలు ఇద్దరే: ఉత్సవ దశాబ్ది ప్రత్యేక బహుమతి పొందిన క్లెయిర్ బ్రెతెషే, 2000లో ఫ్లోరెన్స్ సెస్తాక్. నిర్ణయం పూర్తిగా కళాకారుల చేతికి వచ్చాక ఉత్సవం కళ్లు తెరిచిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కాబట్టి ఒక ఏడాది ఉత్సవం పోయిందని ఊరి హోటళ్లు, పుస్తకాల దుకాణాలు పడే బాధ నిజమే అయినా, దానికి రచయితలను తప్పుపట్టడం అన్యాయం. ఇకపై నిర్వహణ ఎవరికి అప్పగించినా, ఆ ఒప్పందంలోనే రెండు మాటలు రాసి ఉండాలి. సంతకాల బల్ల దగ్గర కూర్చున్న ప్రతి గంటకూ డబ్బు చెల్లించాలి. వేధింపుల ఫిర్యాదులను నిర్వాహకులతో సంబంధం లేనివాళ్లు విచారించాలి.