కిస్మత్ డబ్బా



ఈద్ అయిన నాలుగో రోజు నందిగామ నుంచి ఆపా ఫోన్. ఏడుపొక్కటే తక్కువ. "నీ భాంజా ఏం చేశాడో తెలుసారా? ఈదీ పదహారొందలూ తగలేశాడు. అది చాలక నా ఫోన్లోంచి ఇంకో రెండు వేల నాలుగొందలు. తుపాకీ కోసమంట, తుపాకీ!"

జగ్గయ్యపేటలో బస్సెక్కి పోయాను. అప్పటికే దూలాభాయ్ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశాడు. పక్కింటి పెద్దాయన వచ్చి, చంపడం నేర్పే ఆట కాబట్టి హరామ్ అని తీర్పిచ్చి వెళ్లాడంట. పద్నాలుగేళ్ల పిల్లోడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"బేటా, ఆ తుపాకీతో దెబ్బ గట్టిగా తగులుద్దా?"

"లేదు మామూ. తుపాకీ అదే. పైన రంగు మారుద్ది అంతే."

"రంగు ఎంత?"

"దానికి రేటు లేదు మామూ. డబ్బా తెరవాలి. ఏదొస్తే అది."

ఈ జవాబు విన్నాక నా కోపం పిల్లోడి మీంచి పోయింది. మన ఇళ్లలో అందరూ తుపాకీని చూసి అరుస్తున్నారు. డబ్బా వైపు ఎవరూ చూడటం లేదు.

తుపాకీ మాట ముందు. ఎపెక్స్ లెజెండ్స్ అని 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఆట ఉంది. ఎప్పుడో రాబోయే కాలం, వేరే గ్రహాల కథ. ముగ్గురేసి జట్లుగా 60 మంది ఖాళీ చేతులతో దిగుతారు. తుపాకులు నేలమీదే దొరుకుతాయి, అందరికీ ముఫ్త్‌గానే. చేతికి రెండే పడతాయి. దూరానికి ఆర్-301 లాంటిది ఒకటి, దగ్గరికొస్తే పీస్‌కీపర్ అనే షాట్‌గన్ ఒకటి. ఒక్కోదానికి తూటా వేరు, సంచిలో జాగా కొంచెమే. రెండూ ఒకే రకం తూటా తినేవైతే మధ్యలో ఖాళీ అయిపోతాం, వేర్వేరైతే సంచి నిండి మందుకు చోటుండదు. తోటివాడు ఏది పట్టుకున్నాడో కూడా చూసుకోవాలి. దీన్నే పిల్లలు లోడౌట్ అంటారు. కూర్చుని చూస్తే ఇందులో అఖల్ ఉంది, హిసాబ్ ఉంది. చిన్నపిల్లలకి తగదంటే ఒప్పుకుంటాను. చదువు పాడవుద్దన్నా ఒప్పుకుంటాను. మస్లా అసలు ఎక్కడుందో అది మాత్రం ఇది కాదు.

అదే ఆటలో ప్యాకులని అమ్ముతారు. ఒక్కోటి దాదాపు ఒక డాలరు. లెజెండరీ అనే పై రకం సరుకు వచ్చే అవకాశం నూటికి 7.4 అని కంపెనీయే చెప్పుకుంది. అన్నిటికన్నా అరుదైన సరుకు 500 ప్యాకుల లోపు గ్యారంటీ అంట! 500 డాలర్లంటే మన లెక్కలో 40,000 పైమాటే. 2019 ఆగస్టులో ఒక్కో ప్యాకు 7 డాలర్లకు పెట్టి, కోరుకున్న రంగు నేరుగా కొనే దారి లేకుండా చేశారు. ఆడేవాళ్లు తిరగబడ్డాక కంపెనీ మాఫీ అడిగింది. ఫ్రీ ఫైర్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ తుపాకీ పైపూతకే బలం కట్టారు, కొన్నిటికి దెబ్బ పెరుగుద్ది, కొన్నిటికి వేగం. పైసా ఉన్నోడి తుపాకీ మోతే వేరు!

డబ్బిచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి వస్తోందిగా, ఇది జువా ఎట్లా అవుద్దని కాలేజీ చదివే ఇంకో భాంజా వాదించాడు. అయ్యా, మన నందిగామ చుట్టుపక్కల మిర్చి కొనేవాడు బస్తాలోంచి కాయ తీసి, రంగు చూసి, తొడిమ చూసి, తుంచి వాసన చూస్తేగాని రేటు చెప్పడు. మూత కట్టిన బస్తాలో మిర్చో తాలో తెలియకుండా డబ్బు కట్టమంటే వాణ్ణి బజారులో నిలబెట్టి కడుగుతారు. నీళ్లలో చేపను, గాల్లో పిట్టను అమ్మొద్దని మన ఫిఖా ఎందుకు చెప్పింది? ఆ సౌదాలో గరర్ ఉంది కాబట్టి. ఇక సూరె మాయిదాలో మైసిర్‌ని దేని పక్కన పెట్టారో మీకు తెలుసు. సారాయి పక్కన. (లక్కీ డ్రా స్కీముల్లో నెలనెలా కట్టే పెద్దలు కూడా ఈ మాట వినాలి. పిల్లోడు ఇంట్లో చూసిందే చేస్తున్నాడేమో.)

గెలిచింది కూడా చేతిలో నిలవదు. ఎపెక్స్‌కి ఫోన్లలో ఆడే రూపం ఒకటి 2022 మేలో మన దేశంలోకీ వచ్చింది. ఏడాది తిరక్కుండానే 2023 మే 1న మూసేశారు. కొన్న రంగులన్నీ గాయబ్. 

సర్కారు చూసుకుంటుందంటారా? 2020 సెప్టెంబరు 2న పబ్జీని ఆపినప్పుడు మన మొహల్లాల్లో అమ్మీలు షుక్ర్ చెప్పుకున్నారు. అది మన పిల్లల ఫిక్ర్‌తో ఆపింది కాదు, దేశ భద్రత పేరుతో 118 యాప్‌ల మీద పెట్టిన నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి డబ్బు గెలుద్దామనే ఆటల మీద. బెల్జియంలో మాత్రం 2018లోనే అక్కడి జూదం కమిషన్ కొన్ని ఆటల్లోని ఈ డబ్బాలను జూదమని తేల్చింది. అక్కడ ముస్లింలు ఎంతమంది చెప్పండి? వాళ్లకి కనిపించింది మన జుమ్మా బయాన్లలో ఎందుకు వినిపించదు? మౌల్వీ సాబులకు నా గుజారిష్ ఒక్కటే. మొబైల్ హరామ్ అని ఊరికే అనకండి, పిల్లలు నవ్వుకుంటారు. డబ్బా పేరు పెట్టి చెప్పండి.

ఆ రోజు బీరువాలోంచి ఫోన్ తీయించి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టాను. ఆ పాస్‌వర్డ్ ఆపాకే తెలుసు. తర్వాత భాంజా చేతికి కాగితం, పెన్ను ఇచ్చి హిసాబ్ రాయమన్నాను. ఒక్కో డబ్బా 80 రూపాయలు. మొత్తం 50 డబ్బాలు. ఏమేమొచ్చాయో వరసగా రాశాడు. స్టిక్కర్లు, రెండు చొక్కాలు, ఉన్న టోపీయే మళ్లీ మూడుసార్లు.

"తుపాకీ ఏదిరా?"

"రాలేదు మామూ. ఇంకో పది తెరిస్తే వచ్చేది."