లేని అడ్రస్‌కీ యాడ్సా?

బ్రౌజర్‌లో సైట్ పేరు ఒక అక్షరం తప్పు కొట్టారనుకోండి. అలాంటి పేరే లేదని డీఎన్‌ఎస్ చెప్పాలి, అక్కడితో అయిపోవాలి. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు మాత్రం ఆ "లేదు"ని మధ్యలోనే పట్టేసి, మనల్ని తమ యాడ్స్ పేజీకి పంపిస్తాయి.

2003 సెప్టెంబర్‌లో వెరిసైన్ ఏకంగా డాట్ కామ్, డాట్ నెట్ మొత్తానికీ ఇదే పని చేసింది. ఎవరూ రిజిస్టర్ చేయని పేరు ఏది కొట్టినా వాళ్ల సైట్ ఫైండర్ పేజీయే! ఐకాన్ గట్టిగా చెప్పాక అక్టోబర్‌లో ఆపేసింది.

2008లో ఎర్త్‌లింక్ వ్యవహారం ఇంకా ముదిరింది. సెక్యూరిటీ పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ బయటపెట్టిందేంటంటే, అసలు సైట్ పేరు కరెక్టుగానే ఉన్నా, దాని ముందున్న సబ్‌డొమైన్ లేనిదైతే చాలు, యాడ్స్ వచ్చేవి. అడ్రస్ బార్‌లో పేరేమో ఒక కంపెనీది, యాడ్ డబ్బులేమో వేరేవాళ్లకి. ట్రేడ్‌మార్క్ గొడవ సరిగ్గా ఇక్కడే. పైగా ఆ యాడ్స్ పేజీలో ఉన్న లోపంతో హ్యాకర్లు కూడా అదే పేరు మీద దొంగ పేజీలు చూపించే వీలుండేది.

ఇదంతా యూజర్‌కి సాయం అంటే నేనైతే ఒప్పుకోను. సాయమైతే ముందు మనల్ని అడగాలి కదా.

మీ ఫోన్‌లోనూ ఇలా వస్తోందా? ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి వెర్షన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఉంటుంది. నమ్మకమైన వేరే ప్రొవైడర్ పేరు అక్కడ ఇచ్చి చూడండి.