ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికేనా? నాస్కార్ మారింది, ప్రొ కబడ్డీ మారింది.. మరి మన మండల పోటీలు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పండగొచ్చినా, జాతరొచ్చినా కబడ్డీ పోటీలు మామూలే. చాలా చోట్ల పద్ధతి కూడా ఒకటే.. నాకౌట్. పొద్దున్నే ఆటోలో దిగిన జట్టు మొదటి మ్యాచ్ ఓడితే మధ్యాహ్నానికల్లా మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. మంచి రైడర్ ఉన్నా ఎంపిక చేసేవాళ్ల కంట పడేది ఆ ఒక్క మ్యాచ్‌లోనే. ఇది న్యాయమేనా?

ఇదే ప్రశ్నకు అమెరికాలో కార్ రేసుల సంస్థ నాస్కార్ ఈ ఏడాది సమాధానం చెప్పింది.

అక్కడ ఏం జరిగింది?

2014 నుంచి నాస్కార్ కప్ సిరీస్‌లో ఛాంపియన్‌ను ఒకే ఒక్క చివరి రేసు తేల్చేది. సీజన్ అంతా ఎలా నడిపినా సరే, ఆఖర్లో మిగిలిన నలుగురిలో ఆ రోజు ఎవరు ముందుంటే వాళ్లదే టైటిల్. 2025 నవంబర్‌లో ఫీనిక్స్ రేసులో డెన్నీ హామ్లిన్ ఎక్కువ సేపు ముందే ఉన్నాడు. మరికొన్ని ల్యాప్‌లలో రేసు ముగుస్తుందనగా యెల్లో ఫ్లాగ్ పడింది. అంతే, లెక్క తారుమారైంది. సీజన్‌లో 6 రేసులు గెలిచిన హామ్లిన్‌కు నిరాశ మిగిలింది. మే నెల తర్వాత ఒక్క రేసూ గెలవని కైల్ లార్సన్ ఛాంపియన్ అయ్యాడు. ఫ్యాన్స్ విమర్శల మధ్య 2026 జనవరిలో నాస్కార్ ఆ పద్ధతికి గుడ్‌బై చెప్పేసింది. ఇప్పుడు 16 మంది డ్రైవర్లు, చివరి 10 రేసులు, అన్నింటి పాయింట్లూ కలిపి లెక్క.

మన టైటాన్స్ కథ వేరు

ప్రొ కబడ్డీ 11వ సీజన్‌లో తెలుగు టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచింది. యూ ముంబా, జైపూర్ గెలిచినవి కూడా 12 చొప్పునే. కానీ ఆ రెండు జట్లకు చెరో రెండు టైలు కలిసొచ్చాయి. దాంతో ముంబా 71, జైపూర్ 70 పాయింట్లతో టాప్ 6లోకి వెళ్లాయి. 66 పాయింట్ల టైటాన్స్ ఏడో స్థానంలో ఆగిపోయింది.

2025లో జరిగిన 12వ సీజన్‌కు లీగ్ రూల్స్ మారాయి. గెలిస్తే 2 పాయింట్లు, ఓడితే సున్నా. టై అయితే టైబ్రేకర్. 12 జట్లలో 8 ముందుకు వెళ్తాయి. ఈసారి నాలుగో స్థానంలో నిలిచిన టైటాన్స్ మినీ క్వాలిఫయర్‌లో బెంగళూరును, ఎలిమినేటర్‌లో పట్నాను ఓడించి, క్వాలిఫయర్ 2లో పుణేరి పల్టన్ చేతిలో ఆగింది.

8 జట్లకు చోటిస్తే లీగ్ దశకు విలువేముంటుంది అన్న విమర్శ ఉంది. కానీ మెట్లు గమనించండి. టాప్ 2 జట్లకు రెండు విజయాలు చాలు, మధ్యలో ఒకసారి ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల జట్లు నాలుగు గెలవాలి. ఏడో స్థానం నుంచి వచ్చిన పట్నా కప్పు కొట్టాలంటే వరుసగా ఆరు గెలవాలి. అంటే తలుపు అందరికీ తీశారు, కానీ కష్టపడ్డవాడికి దారి దగ్గర చేశారు. నాస్కార్ పాత పద్ధతిలో లోపించింది సరిగ్గా ఇదే.

మన దగ్గర సాధ్యమేనా?

లెక్క చూద్దాం. 8 జట్లకు నాకౌట్ అయితే 7 మ్యాచ్‌లు. రెండు పూల్స్ చేసి లీగ్ ఆడిస్తే 12. ఆపై పూల్ విన్నర్లకు క్వాలిఫయర్, రెండో స్థానం జట్లకు ఎలిమినేటర్, తర్వాత క్వాలిఫయర్ 2, ఫైనల్.. మొత్తం 16. మ్యాచ్‌కు 40 నిమిషాల ఆట చొప్పున ఒకే కోర్టు మీద దాదాపు 11 గంటలు పడుతుంది. బ్రేకులు కలిపితే ఒక్క రోజులో కాదు. రెండు కోర్టులు గీయాలి, లేదా రెండు రోజులు పెట్టాలి. రిఫరీల ఖర్చు, భోజనాల ఖర్చు పెరుగుతుంది. నిర్వాహకులు నాకౌట్ వైపు మొగ్గేది అందుకే.

అయితే ఆ ఖర్చుకు దక్కేది చిన్నదేం కాదు. ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు గ్యారంటీ. సీఎం కప్ లాంటి పోటీల్లో గ్రామం నుంచి రాష్ట్ర స్థాయి దాకా వెళ్లాలనుకునే పిల్లలకు మొదటి మెట్టు దగ్గరే ఒక్క చెడ్డ రోజు అడ్డం పడకూడదు. ఊళ్లో సరదా టోర్నీకి నాకౌట్ ఓకే. కానీ జిల్లా జట్టును ఎంపిక చేసే పోటీకి మాత్రం రెండో ఛాన్స్ ఉండాల్సిందే.