పడవయిండ్ల యూరు – చూడబోవువారి ధర్మము

జపాను దేశమున కియోటో నగరమునుండి ఉత్తరముగా రెండు గంటలకుపైగా మోటారులో పోయినచో ‘ఇనే’ యను బెస్తపల్లె వచ్చును. గడచిన సంవత్సరము మేము సొంత ఖర్చుతో నొక కారు బాడుగకు మాటలాడుకొని, ఉదయము బయలుదేరి రాత్రికి మరలి వచ్చునట్లు ఆ యూరు చూచి వచ్చితిమి. అచ్చట నేర్చుకొన్న దానిని, మేము చేసిన తప్పును గూడ మీకు విన్నవించుచున్నాము.

సుమారు 5 కిలోమీటర్ల చుట్టుకొలతగల అఖాతపు టంచున దాదాపు 230 పడవయిండ్లు వరుసగా నిలిచియున్నవి. వీనిని ‘ఫునయా’ లందురు. క్రింది భాగము పడవకు, మీది భాగము వలలకును పనిముట్లకును ఏర్పడినవి. కాపురముండు పెద్దయిల్లు బాట కావల కొండప్రక్కన నుండును. నీటియంచున ఇల్లెట్లు నిలుచునని మీకు సందేహము కలుగవచ్చును. మూడు ప్రక్కల కొండలు, అఖాతపు నోట ‘అవోషిమా’ యను దీవి కలవు. ఆటుపోటుల భేదము సుమారు అరమీటరు మాత్రమే. నేడు పడవలు పెద్దవగుటచే పెక్కింటిని వెలుపలనే కట్టుచున్నారు. కొన్ని యిండ్ల మేడలు యాత్రికుల బసలైనవి. 2005లో ప్రభుత్వము ఈ యూరిని రక్షింపదగిన ప్రాచీన గృహముల ప్రదేశముగా నిర్ణయించినది.

ఆ యూరి పరిధిలోనే ‘నీయి’ యను పల్లెలో వరిమళ్లు కొండవాలున మెట్లుమెట్లుగా సముద్రమువైపు దిగియున్నవి. పై మడి గట్టు తెగినచో క్రింది మడి చెడును. చూడవచ్చినవాడు పచ్చదనము చూచును. రైతు గట్టును చూచును. ప్రకృతి యిచ్చినది చోటు మాత్రమే; అందము చేతుల కష్టము.

ఇక మా తప్పు. ఒక పడవయింటి తలుపు తెరచియుండగా, అది అందరు చూచు చోటనుకొని లోపల నడుగిడి ఫొటో తీసితిమి. లోపల నొక ముసలమ్మ చేపలు శుభ్రము చేయుచుండెను. ఆమె యేమియు ననక తలవంచినది. కారు నడుపువాడు మమ్ము వెలుపలికి పిలిచి, అది ఒకరి స్వంత యిల్లని చెప్పెను. మన కల్లములో నెవడైన అడుగక వచ్చి నిలుచుండినచో మన మూరకుందుమా? మిక్కిలి సిగ్గుపడితిమి. పిమ్మట లెక్క చూచుకొనగా, బాడుగ కియోటోలో చెల్లినది. భోజనము త్రోవలో ముగిసినది. ఆ యూరికి మావలన ముట్టినది ఒక్క కాఫీ వెల మాత్రమే.

ఆ దేశమున 1947లో వ్యవసాయ సహకార సంఘముల చట్టమును, 1948లో మత్స్య సహకార సంఘముల చట్టమును ఏర్పడినవి. 1949 నాటి మత్స్య చట్టముచే తీరమునందలి ఉమ్మడి వేటహక్కులు సంఘముల పరమైనవి. సభ్యులు సంఘ నిబంధనల ప్రకారము వేటాడవలెను. ఎవరి యిష్టము వారిదైనచో సముద్రము వట్టిపోవును గదా! చేపకు చెల్లిన న్యాయము చూపునకును చెల్లవలెనని మా యభిప్రాయము. బండ్లెన్ని రావలెనో, ఎచట నిలువవలెనో, ఎంత చెల్లింపవలెనో ఊరివారు కలసి నిర్ణయింపవలెను. ఆ పైకము గట్లకును ఇంటికప్పులకును చేరవలెను. రుసుము పెట్టినచో యాత్రికులు రారని కొందరందురు. గట్లు తెగి, ఇండ్లు మూతపడిన పిమ్మట మాత్రము ఎవరు వత్తురు?

మన కోనసీమ కాలువలను, కొబ్బరితోటలను చూడవచ్చువారును కలరు. కావున సంఘ సభ్యులు ఈ విషయమును వచ్చు సమావేశమున నాలోచింతురుగాక. మీలో నెవరైన అట్టి యూళ్లకు పోయినచో ఒక్క రాత్రియైన నచట బసచేయుడు. తలుపు తెరచియున్నను అడుగక లోనికి పోకుడు.