ఎదిగే బిడ్డ ఎత్తు



గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యగారూ, మావాడు పదో తరగతికి వచ్చాడు గాని తోటి పిల్లల భుజాలకు కూడా రాలేదు. ఏమి పెడితే ఎదుగుతాడండీ?" ఇలా అడిగే తల్లి అప్పటికే కూలి డబ్బులతో ఒక పొడి డబ్బా కొని ఉంటుంది. కుర్రవాడు వేపకొమ్మకు వేలాడుతూ ఉంటాడు. చింత వలన ఎత్తు పెరగదని సువార్త చదివే మనకు తెలుసు. వేలాడుట వలన కూడా పెరగదు.

ఈ విషయములో మన హైదరాబాదులోనే విలువైన పరిశోధన జరిగింది. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ఈ సంస్థవారు 1987 నుండి 1990 వరకు నగరము దగ్గరి 29 పల్లెలను గమనించారు. 15 పల్లెలలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 6 ఏండ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అంగన్‌వాడీ పథకము క్రింద అందింది. మిగిలిన 14 పల్లెలకు ఆ పథకము అప్పటికి రాలేదు.

2003-2005లో మరల వెళ్ళి, ఆ కాలములో పుట్టిన బిడ్డలను వెదకి కొలిచారు. అప్పటికి వారు 13 నుండి 18 ఏండ్లవారు. వెయ్యిమందికి పైగా దొరికారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. 2008లో ఇది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

బొటనవ్రేలి గోరంతేనా అని కొందరు నవ్వవచ్చు. కాని ప్రతి తల్లీ ప్రతి దినమూ తిన్నదని కాదు, ఊరిలో ఆ తిండి అందుబాటులో ఉన్నది, అంతే. ఎత్తు ఒక్కటే కాదు, ఆ పిల్లల రక్తనాళములు కూడా తక్కువ బిరుసుగా ఉన్నాయి. తల్లి కడుపులోను, పాకే వయసులోను అందిన ముద్ద పదిహేనేండ్ల తరువాత కొలబద్ద మీద కనబడింది. గనుక మీ ఇంట కడుపుతో ఉన్న కోడలు ఉంటే ఆ డబ్బా ఖరీదు ఆమె గుడ్లకు, పాలకు, పప్పుకు పోనివ్వండి. అందరూ తిన్నాక అడుగున మిగిలిన చారుతో సరిపెట్టుకొనేది ఆమెయే. సంఘ పెద్దల ఇండ్లలో కూడా చూస్తున్నాము.

మరి ఆ కుర్రవాని సంగతి? తలిదండ్రుల ఎత్తులు కూడి, కుమారునికైతే 13 సెంటీమీటర్లు కలిపి, కుమార్తెకైతే తీసివేసి, సగము చేయండి. తండ్రి 168, తల్లి 151 అయితే కుమారుడు 166, కుమార్తె 153. దీనికి అటూ ఇటూ 8 సెంటీమీటర్ల తేడా సహజమే. కొందరు మగపిల్లలు ఆలస్యముగా ఎదుగుతారు, 17, 18 ఏండ్ల వరకు పెరుగుతారు. ఎముకల చివర ఉండే మెత్తని భాగము గట్టిపడితే ఇక ఏ పొడీ పనిచేయదు. అంతవరకు కడుపునిండా తిండి, రాత్రి మంచి నిద్ర కావాలి. ఎదుగుదల హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. అర్ధరాత్రి దాకా ఫోను చూసే పిల్లలకు ఈ మాట చెప్పండి.

ఆడపిల్లల సంగతి వేరు. పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి పెట్టి, బంధువులను పిలిచి వేడుక చేస్తాము. కాని వేగముగా ఎదిగే కాలము అంతకు ముందే గడిచిపోతుంది. ఆ తరువాత పెరిగేది సాధారణముగా 5 నుండి 7 సెంటీమీటర్లే. ఆ నువ్వులూ బెల్లమూ, గుడ్డూ 9, 10 ఏండ్ల వయసు నుండే, అన్నతో సమానముగా ఆమె కంచములో పడాలి. 15, 16 ఏండ్లకే పెండ్లి చేస్తే, ఇంకా ఎదుగుతున్న తల్లి, కడుపులోని బిడ్డ ఒకే కంచము అన్నమునకు పోటీపడతారు. అక్కడ పుట్టే బరువు తక్కువ బిడ్డే మరల పదో తరగతిలో పొట్టిగా నిలబడుతుంది.

ఆరు నెలలకొకసారి బిడ్డను గోడకు నిలబెట్టి పెన్సిలు గీత గీయండి. యౌవనము రాకముందే ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, ఆడపిల్లకు 13, మగపిల్లవానికి 14 నిండినా యౌవన లక్షణములు కనబడకపోయినా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపమైతే ఎముకలు గట్టిపడక ముందు మందుతో సరిచేయవచ్చు.